తీసేస్తానన్న వాక్యం

ధనలక్ష్మిని తుఫాను షెల్టర్‌లో పెట్టి తాళం వేసి అప్పటికి మూడు గంటలైంది. నాకు ఫోను వచ్చింది పదకొండింటికి.

చేసింది సుధాకరన్న. కావలిలో ఫొటో స్టూడియో నడుపుతాడు, మా 'ఒడ్డు' ప్రదర్శన బృందానికి పెద్దదిక్కు, దేనికీ తొణికే మనిషి కాదు. ఆ రోజు పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టాడు. సవకలపాలెం పెద్దలు పొద్దున్నే కామమ్మ ఇంటిమీదికి వచ్చి, ఆమె బిడ్డ ధనను రెక్క పట్టుకుని లాక్కుపోయారట. సాయంత్రం నాలుగింటికి దురాయి పెడుతున్నారట. దురాయి అంటే మా జాలరి పాలేల్లో పెద్దలు ఇచ్చే తీర్పు; ఒక పాలెంలో పడితే అన్నిట్లోనూ పడ్డట్టే. అది పడ్డాక ఏ స్టేషనుకు పోయినా, ఏ కోర్టుకు పోయినా ఊరు మళ్లీ కలుపుకోదు.

"ధనని ఊరు దాటిస్తారంట. కామమ్మతో ఎవురూ మాట్లాడకూడదంట, కుళాయి కాడికి కూడా రానీరంట. డెబ్బై ఏళ్ల ముసిల్ది యాడికి పోతాది రోజా?"

ఎందుకని అడగాలి కాబట్టి అడిగాను. అతను చెప్పడం మొదలుపెట్టిన రెండో మాటకే నాకు అర్థమైంది. నేను పాఠాలు చెప్పే బడి వరండాలో ఉన్న బెంచీ మీద కూర్చున్నాను.

ముందురోజు ఆదివారం. చేపల వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి, మగవాళ్లంతా ఊళ్లోనే ఉన్నారు. అందుకే ప్రతి ఏడూ సవకలపాలెంలో మా ప్రదర్శన అప్పుడే పెడతాం. పడవల పక్కలకు రంగులేస్తాం, పాత చీరలూ చిరిగిన వలలూ కలిపి కుట్టిన పరదా కడతాం. దాని ముందు ధన నిలబడి కథలు చెబుతుంది. ఆమె కథలు కావు. మగవాణ్ణి ప్రేమించిన మగవాళ్లవి, ఆడపిల్లను ప్రేమించి పెళ్లి పీటల మీద కూర్చున్న ఆడపిల్లలవి, ధనలాగా మగపిల్లవాడిగా పుట్టి ఆడదానిగా బతకడానికి ఇల్లు వదిలినవాళ్లవి. అందరూ మా తీరం వాళ్లే. ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు.

తెలియకుండా ఉండటానికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. చెప్పేవాళ్ల దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్తాను. ఫోనులో రికార్డు చేసుకుంటాను. పేర్లూ ఊర్లూ తీసేసి కాగితం మీద రాస్తాను. రికార్డు అదే రోజు చెరిపేస్తాను. ఆ కాగితాన్ని ధన ఒక్క అక్షరం మార్చకుండా కంఠతా పట్టి చెబుతుంది. ఆట అయ్యాక కాగితాలు పొయ్యిలోకి పోతాయి. చెప్పినవాళ్ల పేరు, రాసినవాళ్ల పేరు ఏ పరిస్థితుల్లోనూ బయటికి రాకూడదు. ఆరేళ్లుగా రాలేదు.

ఆదివారం ధన చెప్పిన ఏడో కథలో రెండు పడవల మీద వచ్చి నడిసముద్రంలో కలుసుకునే ఇద్దరు మగవాళ్లు ఉన్నారు. అందులో ఈ మాటలున్నాయి: "చివరి తాటిచెట్టు ఐసు ఫ్యాక్టరీ ట్యాంకు చాటుకి పోవాల. చర్చి సిలువ లైట్‌హౌస్ మీదికి ఎక్కాల. అక్కడ దోనె ఆపితే ఒడ్డుకి మేము కనపడం."

ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టిన ఊరిపెద్ద మస్తానయ్య ఆ మాట వినగానే లేచాడు. కండువా దులుపుకుని, ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయాడు.

ఊరివాళ్లకు అంతకంటే ఏమీ అక్కర్లేదు. నీళ్లకింద రాళ్లున్నచోట చేప చేరుతుంది. ఆ చోటును ఒడ్డుమీది వస్తువులు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తున్నాయో చూసి కనిపెడతారు. దాన్ని గుర్తు అంటారు. ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉంటుంది. తండ్రి కొడుక్కి చెబుతాడు, అల్లుడికి కూడా చెప్పడు. మస్తానయ్య పడవ నలభై ఏళ్లుగా అటువైపే పోవడం అందరూ చూశారు. ఆయన లేవడంతో మిగతాది అర్థమైంది. రెండేళ్ల నుంచి ఆయన వేటకు పోవడం లేదు. ఆ పడవ మీద పోయేది కొడుకు పెంచలకృష్ణ ఒక్కడే. పదిరోజుల్లో అతని పెళ్లి. పెళ్లికూతురి మేనమామలు కూడా జనంలో ఉన్నారు.

తెల్లారేసరికి సంబంధం తప్పిపోయింది. పెంచల ఇంట్లోంచి వెళ్లిపోయాడు, ఫోను పలకడం లేదు.

మస్తానయ్య మాత్రం ఆ కథ తన కొడుకుదని ఒప్పుకోలేదు. ధన చిన్నప్పుడు, మగపిల్లవాడిగా ఉన్న రోజుల్లో, ఆయన పడవలోనే వేటకు పోయేది. గుర్తు తెలిసిన పరాయి మనిషి ఆమె ఒక్కతే. ఇంటిమీద కక్షతో గుర్తు బయటపెట్టి, దానికి రంకుకథ తగిలించి, కొడుకు బతుకు నాశనం చేసింది. ఇదీ ఆయన మాట.

"ఆ కాయితం రాసింది నువ్వు గదా," అన్నాడు సుధాకరన్న. "ఆ మాట అందులో ఉండిందా? లేకపోతే ధనే కలిపిందా?"

"ఎన్నో రాస్తాం గదన్నా. సరిగ్గా జ్ఞాపకం లేదు," అన్నాను.

అక్షరం అక్షరం జ్ఞాపకం ఉంది. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, సరుగుడు తోటలో రికార్డు ఆపేశాక పెంచల నా చెయ్యి పట్టుకున్నాడు. అంతా రాసుకో అక్కా, ఆ గుర్తు మాత్రం తీసెయ్, మా తాత కనిపెట్టింది అన్నాడు. నేను నవ్వాను. ఇప్పుడు అందరూ జీపీఎస్ చూస్తున్నారు, గుర్తులు ఎవరికి పట్టాయి అన్నాను. అతను నవ్వలేదు. సరే తీసేస్తానని చేతిలో చెయ్యేశాను.

ఇంటికొచ్చి రాశాను. ఆ వాక్యం కొట్టేశాను. చదివితే మిగిలిన కథ ఎవరిదైనా కావచ్చు అన్నట్టుంది. కావలసింది అదే. కానీ నెల్లూరు నుంచి ఈసారి పత్రికలవాళ్లు వస్తున్నారు. కళాకారులు వస్తున్నారు. ఒడ్డుకి మేము కనపడం అనే మాట దగ్గర జనం ఊపిరి బిగబడతారని నాకు తెలుసు. కాగితం చింపి మళ్లీ రాశాను. నేనేమీ తెలియనిదాన్ని కాను. పక్క పాలెంలో పడవ నడిపే రమణయ్య కూతుర్ని. మా నాన్న గుర్తు ఆయన నోటివెంట నేను ఒక్కసారి కూడా వినలేదు.

ఆదివారం ఆ మాట దగ్గర జనం నిజంగానే ఊపిరి బిగబట్టారు. నేను పరదా వెనక నిలబడి సంతోషపడ్డాను.

*

పోలీసులకు చెబుదామని సుధాకరన్న అంటే కామమ్మ కాళ్లు పట్టుకుందట. వాళ్లు జీపెక్కి పోతారు నాయనా, నేనీ ఊళ్లోనే చావాల అందట.

నాకొక దారి కనబడింది. పెంచల వచ్చి ఆ మాటలు తనవేనని చెబితే ధన బయటపడుతుంది. రాసిందెవరన్న మాట అసలు రాదు. అంటే, అతను తన బతుకును ఊరందరి ముందూ పెడితే నేను తప్పించుకుంటాను. అప్పుడు నేను ఇంత స్పష్టంగా అనుకోలేదు. ధనను కాపాడుతున్నాననే అనుకున్నాను.

అతను ఎక్కడుంటాడో నాకు తెలుసు. బిట్రగుంట పాత రైల్వే కాలనీలో ఒక స్నేహితుడి క్వార్టరు ఉందని తనే చెప్పాడు. అది కూడా ఆ రికార్డులోని సంగతే. బడికి సెలవు పెట్టి స్కూటీ తీశాను.

పెంచల ఒట్టి గచ్చు మీద గోడకానుకుని కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్లవాడు, జ్వరం వచ్చిన పిల్లాడిలా ఉన్నాడు. ఊళ్లో జరిగింది స్నేహితుడి ఫోనులో విన్నాడట. ధనను బంధించిన సంగతి కూడా తెలుసు. ఆదివారం భయపడి ఆటకు రాలేదు కాబట్టి ఏం జరిగిందో కళ్లతో చూడలేదు.

నేను రావడమే ఆలస్యం, ఒకే ప్రశ్న అడిగాడు.

"అక్కా, నువ్వా మాట తీసేసినావు గదా?"

దారి పొడుగునా ఎన్నో మాటలు అనుకుంటూ వచ్చాను. నా మీద అతనికున్న నమ్మకం ఆ కళ్లలో అలాగే ఉంది. అది పోతుందంటే భయం వేసింది.

"తీసేసినా," అన్నాను.

"మరి ఎట్టా వచ్చింది?"

అక్కడ నోరు మూసుకుని ఉన్నా సగం పాపమే అయ్యేది.

"చెప్పేటప్పుడు ధన ఏమన్నా కలిపిందేమోరా."

అతను కిటికీవైపు తిరిగాడు. బయట ఒక గూడ్సు బండి ఆగకుండా పోయింది. అది పోయాక అన్నాడు.

"దానికి తెలుసు. మా దోనెలోనే తిరిగింది గదా."

అప్పటిదాకా ధనక్క. ఆ క్షణం నుంచి 'అది'.

స్నేహితుడి ఫోను తీసుకుని గుమ్మం అవతలికి పోయాడు. తండ్రికి చేశాడు. ప్రతి మాటా వినబడింది. ఆ కథ తనది కాదన్నాడు. ధన కల్పించిందన్నాడు. తన వెనక తిరిగితే కసిరినందుకు ఇలా కక్ష తీర్చుకుందన్నాడు. ఆ చివరి మాట అతను అప్పటికప్పుడు పుట్టించాడు, నేను పుట్టించినట్టే. అవతల మస్తానయ్య ఏడుస్తున్నాడు. ఫోను లోంచి ఆ ఏడుపు నాదాకా వచ్చింది.

పెంచల లోపలికి వచ్చేసరికి మొహంలో రక్తం మళ్లీ వచ్చింది.

"వచ్చెయ్యమన్నాడక్కా. అమ్మాయోళ్లతో మళ్లీ మాట్లాడతాడంట." చెప్పులు వేసుకుంటూ అన్నాడు, "నువ్వు రాకపోతే ఈ పొద్దు ఆ పట్టాల మీదికి పోయుండేవాణ్ణి. నీకు పుణ్యం ఉంటాది."

అలా అందరికీ దారి దొరికింది. పెంచల ఇంటికి పోవచ్చు. మస్తానయ్య తలెత్తుకోవచ్చు. పెళ్లి జరగవచ్చు. నేను వచ్చే ఏడు ఇంకో పన్నెండు కథలు రాయవచ్చు. ధన ఒక్కతి ఊరు వదిలిపోతే చాలు.

*

షెల్టర్ మెట్ల మీద కామమ్మ టిఫిను గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పొద్దుటినుంచీ లోపలికి ఇవ్వనివ్వలేదట. నన్ను చూసి కాపలా ఉన్న పెద్దాయన, రమణయ్య బిడ్డవి గదా, కిటికీ లోనుంచి ఇచ్చేసి రా అన్నాడు.

ధన ఊచలకు అవతల నిలబడింది. ఆదివారం కట్టిన ఆకుపచ్చ చీరే ఇంకా ఒంటిమీద ఉంది. ముంజేతి మీద గాజు గీసుకున్న చార.

"చేపల పులుసేనా? ఏందో అనుకున్నా గానీ ఈ జైలు బాగుండాది పాపా," అంది. గిన్నె మూత తీసి వాసన చూసింది. "మాయమ్మ ఉప్పు మర్చిపోయుంటాది, ఏడుస్తా చేసుంటాది గదా. కళ్లనీళ్లతో సరిపోయుంటాదిలే."

నేను నవ్వలేదు. ఆమె నాలుగు ముద్దలు తిన్నాక గొంతు తగ్గించింది.

"కాయితం చూసినప్పుడే నాకు తెలిసింది రోజా. మస్తానయ్య మామ గుర్తని. అయినా అడగలా. పెంచలే తెగించి చెప్పుకున్నాడనుకున్నా. వాడంత ధైర్యం చేస్తే నేను మింగేస్తే ఎట్టా అని ఇంకా గట్టిగా చెప్పినా. ఒక్క మాట వాణ్ణి అడిగుండాల్సింది. తప్పు నాదే."

"నీది కాదు ధనక్కా."

"వాడు నీకేమీ చెప్పలా? తీసెయ్యమనిగాని?"

ఊచల మధ్య ఆమె మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది.

"లేదు," అన్నాను.

ఆమె తల ఊపింది. కళ్లు తేలికపడ్డాయి.

"ఐతే సరే. వాడి ఇష్టంతోనే అయింది. ఈ తీరంలో ఒక్కడన్నా తనంతట తను చెప్పుకున్నాడు. నాకది చాలు." చెయ్యి బయటికి చాపి నా భుజం తట్టింది. "నువ్వు మాత్రం నోరు తెరవబాక. చెప్పినోళ్ల పేరు, రాసినోళ్ల పేరు బయటికి రాకూడదు. మనం పెట్టుకున్నదే గదా."

ఆ పద్ధతి పెట్టింది నేనే. చెప్పినవాళ్ల కోసం పెట్టాను. ఇప్పుడు దాని వెనక దాక్కున్నది నేను.

*

నాలుగింటికి ఊరంతా ఇసుకలోకి వచ్చింది. పెద్దలు అయిదుగురు చాపల మీద కూర్చున్నారు. మస్తానయ్య మధ్యలో ఉన్నాడు. ఆయన వెనక పెంచలకృష్ణ, తలొంచుకుని. నన్ను చూసి కళ్లతోనే దండం పెట్టాడు. సుధాకరన్న నా పక్కన నిలబడి, మనమేం చెబుదాం, మనమేం చెబుదాం అని గొణుగుతున్నాడు. 

ధనను తెచ్చి నిలబెట్టారు. మస్తానయ్య అరవలేదు. అరిస్తే బాగుండేది. ఇంటి గుర్తు బయటపెట్టింది నువ్వేనా అని మెల్లగా అడిగాడు. ధన మాట్లాడలేదు. ఆ కథ నీకు ఎవరు చెప్పారని ఇంకో పెద్ద అడిగాడు. దానికీ మాట్లాడలేదు. పెంచల తండ్రి వీపు చాటుకి జరిగాడు. అతని పేరు ఆమె నాలుక చివర ఉంది. ఆ ఒక్క పేరు చెబితే ఆమె ఇంటికి పోవచ్చు. ఆమె సముద్రంవైపు చూస్తూ నిలబడింది.

"మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే," అన్నాడు మస్తానయ్య. "పద్ధతి ప్రకారం చెప్పు. తప్పు ఎవురిది? ఇంటిపేరుతో, తండ్రి పేరుతో, పేరుతో చెప్పాల. అప్పుడే దురాయి పడతాది."

ధన తలెత్తింది. "వాయల సుబ్బయ్య బిడ్డ ధనలక్ష్మిది."

"సుబ్బయ్యకి ధనలక్ష్మి అనే బిడ్డ పుట్టలా," అన్నాడు పక్క పెద్ద. "కొడుకు పుట్టినాడు. పుట్టినప్పుడు పెట్టిన పేరు చెప్పు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కామమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ధన పదిహేనేళ్ల కిందట ఆ పేరు వదిలేసింది. ఆధార్ కార్డు మీద మార్పించుకోవడానికి మూడేళ్లు తిరిగింది. నాకే కాదు, 'ఒడ్డు'లో ఎవరికీ అది తెలియదు. ఒకసారి నేను అడిగితే, చచ్చిపోయినోడి పేరు ఎందుకులే అంది. ఇప్పుడు ఇంతమందిలో ఆ చచ్చినవాణ్ణి తన నోటితో లేపి, నా తప్పు వాడి నెత్తిన పెట్టాలి.

ఆమె కళ్లు మూసుకుంది. పెదవులు తడుపుకుంది.

"వాయల సుబ్బయ్య కొడుకు..." అంది. ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. "వాయల సుబ్బయ్య కొడుకు..."

సుధాకరన్న ఎప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడో, నేనెప్పుడు విదిలించుకున్నానో తెలియదు. జనాన్ని తోసుకుని చాపల ముందుకు వచ్చి నిలబడ్డాను. ధన కళ్లు తెరిచి నన్ను చూసింది. వద్దని తల అడ్డంగా ఊపింది.

"ఆపక్కా," అన్నాను. "ఆ పేరు చెప్పబాక."

మస్తానయ్య నావైపు తిరిగాడు. ఏందమ్మా నువ్వు, నీకేం పని అన్నాడు. ఆయన వెనక పెంచల మొహం తెల్లబోయింది. నేను అతని వైపు చూడలేదు. చూస్తే చెప్పలేను. చూస్తే ఊరు కూడా చూస్తుంది.

"మామా, ధనక్క ఆ మాట కలపలేదు. ఆమెకు ఇచ్చిన కాయితంలో ఎట్టా ఉంటే అట్టా చెప్పింది. ఆ కాయితం రాసింది నేను. అది ఒక ఇంటి గుర్తని తెలిసే రాసినా. బాగుందని రాసినా. చప్పట్లు కొడతారని రాసినా. నాకెట్టా తెలిసిందో అడగబాకండి, అది మాత్రం ప్రాణం పోయినా చెప్పను. పొద్దుటినుంచీ నా తప్పు ఆమె మీదికి నెట్టినా. ఒక చోట కాదు, పోయిన ప్రతిచోటా నెట్టినా."

 పెద్దల్లో ఒకాయన మా నాన్నతో కలిసి వేటకు పోయినవాడు. ఆయన తల దించుకున్నాడు.

"పద్ధతి ప్రకారం చెప్పు," అన్నాడు మస్తానయ్య.  "తప్పు ఎవురిది?"

చివరి వరసలో ఉన్నవాళ్లకు కూడా వినబడేట్టు చెప్పాను.

"పామంజి రమణయ్య కూతురు రోజారమణిది."